రసాయన శాస్త్రం చదివితే లాభమెంత?

“బి.ఎస్సి. కెమిస్ట్రీ చదువుతాను” అని ఇంట్లో అనగానే, “దానితో ఉద్యోగం వస్తుందా?” అని పెద్దలు అడుగుతారు. అందులో తప్పేమీ లేదు. డబ్బూ వారిదే, బెంగా వారిదే. కాబట్టి కోపగించుకోకుండా, ప్రయోగశాలలో పదార్థాన్ని తూచినట్లు ఈ చదువును కూడా తూచి చూద్దాం.

ఖర్చు అంటే ఏమిటి?

ఖర్చు అనగానే చాలామంది ఫీజు ఒక్కటే లెక్కిస్తారు. చదివే కాలంలో పనికి వెళ్లివుంటే వచ్చే జీతం కూడా ఖర్చే. దీనినే అర్థశాస్త్రంలో ‘అవకాశ వ్యయం’ అంటారు.

ఒక లెక్క చేద్దాం. ఇందులోని అంకెలు ఊహించినవి. మీ అంకెలు మీరు వేసుకోవచ్చు. పెందుర్తి నుంచి రోజూ విశాఖపట్నం వెళ్లి చదివే విద్యార్థికి ఫీజు, బస్సు, పుస్తకాలు కలిపి ఏటా 30,000 రూపాయలు. మూడేళ్లకు 90,000. ఇంటర్మీడియట్ తోనే నెలకు 10,000 జీతంతో పనిలో చేరివుంటే మూడేళ్లలో 3,60,000 వచ్చేవి. మొత్తం ఖర్చు 4,50,000. చూశారా, ఇందులో అయిదింట నాలుగు వంతులు కాలం ఖరీదే!

డిగ్రీ తరువాత జీతం 16,000 అయితే నెలకు తేడా 6,000, ఏడాదికి 72,000. 4,50,000ను 72,000తో భాగిస్తే 6.25. అంటే ఆరేళ్ల మూడు నెలలకు ఖర్చు తీరుతుంది. తేడా 3,000 మాత్రమే అయితే పన్నెండున్నర ఏళ్లు పడుతుంది. 12,000 అయితే మూడేళ్లు దాటగానే తీరిపోతుంది. పట్టా ఒకటే, ఫలితాలు మూడు! ఈ తేడా దేనివల్ల వస్తుంది?

చేతి పనికే విలువ

విశాఖపట్నంలో చమురుశుద్ధి కర్మాగారం 1957లోనూ, ఎరువుల కర్మాగారం 1967లోనూ పని ప్రారంభించాయి. ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1990లో వెలిగింది. పరవాడలో మందుల కర్మాగారాలు వెలిశాయి. వీటన్నిటిలోనూ రసాయనజ్ఞుడికి పని ఉంది. ఉక్కులో కార్బన్ ఎంత? పెట్రోలు ఏ ఉష్ణోగ్రతలో మరుగుతుంది? ఇవి అతను తేల్చవలసిన ప్రశ్నలు.

ఒక మాత్రను చూడండి. పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్రలో మందు 95 నుంచి 105 శాతం మధ్య ఉండాలని భారత ఫార్మకోపియా నియమం. అంటే 475 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, 525కు మించకూడదు. దీన్ని పరీక్షించేవారిదే ‘క్వాలిటీ కంట్రోల్’ విభాగం. అక్కడ సమీకరణాలు బట్టీపట్టినవారి కంటే పిపెట్ సరిగా పట్టగలవారికి, వచ్చిన అంకెను ఉన్నదున్నట్లు రాసేవారికి విలువ ఎక్కువ.

ఇంకొక సంగతి. 1977లో మొదలైన విశాఖ జింకు కర్మాగారం 2012లో మూతపడింది. కర్మాగారం శాశ్వతం కాదు. విశ్లేషణ నేర్చిన చెయ్యి మాత్రం ఎక్కడికైనా వెళుతుంది. జింకును కొలిచిన టైట్రేషన్ పద్ధతే మందులనూ, నీటినీ కొలుస్తుంది.

లెక్కలో కనబడనివి

కర్మాగారాలలో రాత్రి షిఫ్టులుంటాయి, ప్రమాదాలూ ఉంటాయి. 2020 మే 7న పెందుర్తికి దగ్గరలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. స్టైరీన్ అణువులు ఒకదానితో ఒకటి గొలుసులా కలిసేటప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడి చర్యను ఇంకా వేగిరపరుస్తుంది. అందుకే దాన్ని చల్లగా ఉంచాలి, నిరోధకం కలపాలి. ఈ సంగతి ఎరిగి, ట్యాంకు ఉష్ణోగ్రత పెరుగుతుంటే గట్టిగా చెప్పగలిగే మనిషి విలువ ఏ జీతం లెక్కలోనూ ఇమడదు.

ఎంతవరకు చదవాలి?

బి.ఎస్సి.తో ఎక్కువగా ఉత్పత్తి, పరీక్షా విభాగాలలో పని దొరుకుతుంది. కొత్త మందులు కనిపెట్టే పరిశోధనా విభాగాలు ఎం.ఎస్సి., పిహెచ్.డి. వారిని కోరతాయి. బి.ఇడి. చేస్తే బడిలో పాఠం చెప్పవచ్చు. ఎం.ఎస్సి. తరువాత సి.ఎస్.ఐ.ఆర్. – యు.జి.సి. నెట్ పరీక్షలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ సాధిస్తే, 2023 నుంచి నెలకు 37,000 రూపాయల భృతి ఇస్తున్నారు. అంటే పరిశోధన చేస్తూ ఇంటికి భారం కాకుండా ఉండవచ్చు.

తాడేపల్లి రైతుబిడ్డ కల్లం అంజిరెడ్డి గుంటూరు ఎ.సి. కళాశాలలో బి.ఎస్సి. చదివారు. అక్కడితో ఆగక బొంబాయిలో రసాయన సాంకేతిక విద్య, పూనా జాతీయ రసాయన ప్రయోగశాలలో పిహెచ్.డి. పూర్తిచేశారు. తరువాత హైదరాబాదు ఐ.డి.పి.ఎల్.లో పనిచేశారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించారు. అందరూ సంస్థలు స్థాపించలేరు. కాని పట్టాకూ సంస్థకూ నడుమ ఆయన గడిపిన ఏళ్లను గమనించండి.

కాబట్టి “కెమిస్ట్రీ మంచిదా, కాదా?” అని అడగటం సగం ప్రశ్నే. “ఈ మూడేళ్లలో నా చేతులు ఏం నేర్చుకుంటాయి?” అన్నది మిగతా సగం. కళాశాలలో చేరేముందు అక్కడి ప్రయోగశాలను చూడండి. బ్యూరెట్లు వాడకంలో ఉన్నాయా, దుమ్ము పట్టి ఉన్నాయా?

మీరే చేసి చూడండి: పై లెక్కలో బి.ఎస్సి. తరువాత ఎం.ఎస్సి. కూడా చేర్చండి. రెండేళ్ల ఖర్చు 1,00,000, వదులుకున్న జీతం నెలకు 16,000, ఎం.ఎస్సి. తరువాత జీతం 22,000 అనుకోండి. ఈ రెండేళ్ల ఖర్చు ఎన్నేళ్లకు తీరుతుంది? లెక్క కట్టి ఇంట్లో పెద్దలకు చూపండి. వారి ప్రశ్నకు అదే సరైన జవాబు.