ఫోనులో పథ్యం, కాగితం మీద లెక్క



యునానీ వైద్యంలో చికిత్స నాలుగు విధాలని ఈ శీర్షిక చదివేవారికి తెలిసిన విషయమే. ఆహారంతో చేసేది ఇలాజ్ బిల్ గిజా. వ్యాయామం, మర్దన, హిజామా వంటి పద్ధతులతో చేసేది ఇలాజ్ బిత్ తద్‌బీర్. మందుతో చేసేది ఇలాజ్ బిద్ దవా. శస్త్రచికిత్స ఇలాజ్ బిల్ యద్. ఆహారంతో తగ్గే జబ్బుకు మందు దాకా పోకూడదన్నది మన హకీముల పాత నియమం.

2020లో కరోనా వల్ల మతబ్‌లు మూతపడినప్పుడు ఈ ఆహార సలహా ఫోనులోకి, వీడియో కాల్‌లోకి వచ్చింది. కరోనా తగ్గినా ఆ అలవాటు పోలేదు. బళ్ళారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో ఉన్న మన కుటుంబాలు హైదరాబాదు హకీంగారితో, బెంగళూరు డైటీషియన్‌తో ఇంట్లో కూర్చునే మాట్లాడుతున్నాయి. ప్రయాణం ఖర్చు తప్పింది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను బస్సెక్కించే శ్రమ తప్పింది. ఇదంతా మంచిదే.

అయితే ఒకటి మాత్రం చేజారింది. అది కాగితం. మతబ్‌కు వెళ్ళివస్తే చేతిలో నుస్ఖా చీటీ ఉండేది. ఫోను పెట్టేశాక చేతిలో ఏముంటుంది? సాయంత్రం కొడుకు వచ్చి "హకీంగారు ఏమన్నారమ్మా?" అని అడిగితే, "ఏవో తినమన్నారు, ఏవో మానమన్నారు" అన్న జవాబే మిగులుతుంది. పదిహేను రోజులకు మళ్ళీ ఫోను చేస్తే కథ మొదటినుంచి చెప్పాలి. ఈ వారం ఆ లోటు ఎలా తీర్చుకోవాలో తెలుసుకుందాం.

ఒక మాట తప్పితే

మన ఇళ్ళలో భాషలు ఎన్నో చూడండి. ఇంట్లో తెలుగు, హకీంగారితో ఉర్దూ, ఊరి డాక్టరుతో కన్నడమో తమిళమో ఒడియానో. రిపోర్టులు ఇంగ్లీషులో. ఇన్ని భాషల మధ్య మాట జారిపోవడం సులభం.

ఉర్దూలో "మేథీ" అంటే మెంతులూ కావచ్చు, మెంతికూరా కావచ్చు. "ఖీరా" అంటే దోసకాయ రకం. తమిళనాడులో స్థిరపడిన ఇంట్లో అదే మాట ఫోనులో "కీరై" అని వినిపిస్తే ఆకుకూర అవుతుంది. "ఏముంది, రెండూ మంచివే కదా" అనుకోవచ్చు. కాని గుండె కవాటం మార్పిడి జరిగి, రక్తం గడ్డకట్టకుండా వార్‌ఫరిన్ మాత్ర వేసుకునే మనిషి ఆ ఇంట్లో ఉంటే? ఆకుకూరల్లో కె విటమిన్ ఎక్కువ. అలవాటు లేకుండా ఒక్కసారిగా రోజూ ఆకుకూర పెంచితే ఆ మాత్ర పని తగ్గుతుంది, రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. ఒక్క అక్షరం తేడా ప్రాణం మీదికి తెస్తుంది.

అదే మాట కాగితం మీద ఉండి, కాల్ ముగిసేముందు తిరిగి చదివి వినిపిస్తే తప్పు అక్కడే పట్టుబడుతుంది.

వ్రాసుకోవడం మనకు కొత్త కాదు

దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ బఖరా సూరాలోని 282వది. గడువు పెట్టుకుని అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు వ్రాసుకోవాలని అది ఆదేశిస్తుంది. డబ్బు విషయంలోనే ఇంత జాగ్రత్త ఉంటే, అల్లాహ్ అమానతుగా ఇచ్చిన ఈ శరీరం విషయంలో ఎంత ఉండాలి!

మన వైద్యంలోనూ అంతే. రయ్ నగరానికి చెందిన అబూ బక్ర్ అల్ రాజీ (సుమారు 865-925) తాను చూసిన రోగుల వివరాలు వ్రాసి పెట్టుకునేవారు. ఆయన మరణానంతరం ఆ వ్రాతల నుంచే 'అల్ హావీ' అనే పెద్ద గ్రంథం తయారయింది. రోగి ఏం చెప్పాడు, తాను ఏం చూశారు, ఏం ఇచ్చారు, తరువాత ఏం జరిగింది అన్న వరుసను ఆ వ్రాతల్లో చూస్తాం. నేటి ఆసుపత్రులు కేస్ షీట్ అనేది ఇలాంటిదే.

ఫోను చేసేముందు మీరు వ్రాయవలసింది

ఆరోగ్యానికి ఆరు తప్పనిసరి కారణాలని మన వైద్యం చెబుతుంది. వీటిని అస్బాబె సిత్తా జరూరియా అంటారు. నోటు పుస్తకంలో ఈ ఆరింటికీ ఆరు వరుసలు గీయండి.

1. గాలి: ఇంట్లో వెలుతురు, పొగ, పని చేసే చోట దుమ్ము.
2. తిండి, పానీయం: ఏది, ఎంత, ఏ గంటకు.
3. శరీర శ్రమ, విశ్రాంతి: ఎంతసేపు నడిచారు, ఎంతసేపు కూర్చున్నారు.
4. మనసు శ్రమ, విశ్రాంతి: దిగులు, కోపం, ప్రశాంతత.
5. నిద్ర, మెలకువ: ఎప్పుడు పడుకున్నారు, ఎన్నిసార్లు లేచారు.
6. విసర్జన, నిలుపుదల: విరేచనం, మూత్రం, చెమట, స్త్రీలకు నెలసరి.

మూడు రోజులు వ్రాస్తే చాలు. రెండు మామూలు రోజులు, ఒక సెలవు రోజు. దావత్‌కు వెళ్ళిన రోజు ఒక్కటే వ్రాస్తే మీరు రోజూ బిర్యానీ తింటారనుకుంటారు. ఒంట్లో బాగాలేని రోజు ఒక్కటే వ్రాస్తే మీరు ఏమీ తినరనుకుంటారు.

"కొంచెం", "మామూలుగా" అన్న మాటలు ఆ పుస్తకంలో ఉండకూడదు. మీ ఇంటి గ్లాసు ఎన్ని మిల్లీలీటర్లో ఒకసారి కొలిచి మొదటి పేజీలో వ్రాయండి. అన్నం గరిటెలతో, కూర గిన్నెలతో, రొట్టెలు లెక్కతో చెప్పండి. పళ్ళెం ఫోటో పంపితే పక్కన ఒక చెంచా పెట్టి తీయండి, పరిమాణం తెలుస్తుంది.

నూనె, ఉప్పు ఒక్కరి వాటా చెప్పడం కష్టం. వాటికి నెల లెక్క సులభం. ఐదుగురున్న ఇంట్లో నెలకు కిలో ఉప్పు అయిపోతే, తలకు రోజుకు 6 గ్రాములు దాటినట్టే. పచ్చళ్ళు, బయటి తిండి దీనికి అదనం. పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ లెక్క చేతిలో ఉంటే రక్తపోటు ఉన్నవారికి సలహా చెప్పడం తేలిక.

వైద్యుడు వ్రాయవలసింది

మంచి నమోదులో నాలుగు భాగాలుంటాయి: రోగి చెప్పింది, కొలిచి తెలుసుకున్నది, వైద్యుని అంచనా, చేయవలసిన ఏర్పాటు. ఈ నాలుగింటినీ కలగాపులగం చేయకూడదు. "షుగరు తగ్గింది" అని రోగి అనడం వేరు, మీటరులో అంకె చూడడం వేరు.

దూరం నుంచి చూసే చికిత్సకు ఐదో భాగం కూడా అవసరం. అది "చూడనిది". మిజాజ్ నిర్ణయానికి మన పెద్దలు చెప్పిన పది గుర్తుల్లో మొదటిది మల్మస్, అంటే స్పర్శ. ఫోనులో స్పర్శ లేదు. నబ్జ్ లేదు. వీడియోలో వెలుతురును బట్టి ముఖం రంగు, నాలుక రంగు మారి కనిపిస్తాయి. కాబట్టి నబ్జ్ చూడలేదని, కాళ్ళ వాపు నొక్కి చూడలేదని స్పష్టంగా వ్రాయడం నిజాయితీ. రేపు మరో వైద్యుడు ఆ కాగితం చూస్తే తాను ఏం పరీక్షించాలో ఆయనకు వెంటనే తెలుస్తుంది.

ఒక నమూనా

కాల్ వివరం: ఆదివారం ఉదయం 11 గంటలు, వీడియో, 25 నిమిషాలు. రోగి స్వయంగా మాట్లాడారు. అంకెలు చదివింది కోడలు.

రోగి చెప్పింది: వయసు 58. ఆరేళ్ళుగా షుగరు. ఉదయం నీరసం. రాత్రి రెండుసార్లు మూత్రానికి లేస్తారు. రోజుకు 4 టీలు, ఒక్కొక్కదానిలో 2 చెంచాల చక్కెర. రాత్రి భోజనం 10 గంటలకు.

కొలిచింది: బరువు 71 కిలోలు (ఇంటి మిషను). పరగడుపు షుగరు 148. హెచ్‌బిఎ1సి 8.1 (గత నెల రిపోర్టు). మందు: మెట్‌ఫార్మిన్ 500, రెండు పూటలా. మందు చీటీ చూశారు.

చూడనిది: నబ్జ్, కాళ్ళు. కిడ్నీ పరీక్ష రిపోర్టు లేదు.

అంచనా: టీలలోనే రోజుకు 8 చెంచాల చక్కెర. ఆలస్యంగా భోజనం, వెంటనే నిద్ర.

ఏర్పాటు: టీలు రెండు, చక్కెర లేకుండా. రాత్రి భోజనం 8 లోపు. భోజనం తర్వాత 15 నిమిషాల నడక. క్రియాటినిన్ పరీక్ష చేయించి రిపోర్టు పంపాలి. డాక్టరు మందు మార్చలేదు, ఆపలేదు. 14 రోజుల తర్వాత మళ్ళీ కాల్.

గమనించండి, మార్పులు మూడే. పదిహేను చెబితే ఒక్కటీ జరగదు. తరువాతి కాల్ ఈ మూడింటితోనే మొదలు కావాలి. జరిగాయా, జరగకపోతే ఎందుకు? "కొడుకు దుకాణం మూసి వచ్చేసరికి తొమ్మిదిన్నర అవుతుంది, వాడు లేకుండా తినలేను" అని ఆ తల్లి చెబితే అది సాకు కాదు, విలువైన సమాచారం. వ్రాసుకుంటేనే తల్లికి 8 గంటలకు భోజనం, కొడుకు వచ్చాక పక్కన కూర్చోవడం అన్న మార్గం తోస్తుంది.

అలాగే బరువు ఎప్పుడూ ఒకే మిషను మీద, ఒకే వేళకు చూడండి. హెచ్‌బిఎ1సి సుమారు మూడు నెలల సగటును చెబుతుంది. రెండు వారాలకే మళ్ళీ చేయించి దిగులు పడవద్దు.

ఇవి దాచవద్దు

ఏ మందు వాడుతున్నారో, అల్లోపతి అయినా యునానీ అయినా, మొదటి వరుసలో వ్రాయించండి. కిడ్నీ జబ్బు ఉంటే తప్పక చెప్పండి. కొబ్బరినీళ్ళు, అరటిపండు, ఖర్జూరం అందరికీ మంచివని పేరు. కాని కిడ్నీలు సరిగా పని చేయనివారి రక్తంలో పొటాషియం పేరుకుంటే గుండె లయ తప్పవచ్చు. వారికి వీటి కొలత వైద్యుడే చెప్పాలి. గర్భం, పాలిచ్చే తల్లి, ఏ తిండి పడదో అన్న విషయాలు కూడా అంతే ముఖ్యం.

రమజాన్‌కు ముందు

షుగరు ఉన్నవారు రోజాలు మొదలవడానికి 6 నుంచి 8 వారాల ముందే వైద్యునితో మాట్లాడాలి. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటివి వాడేవారికి పగలు షుగరు పడిపోయే ప్రమాదం ఎక్కువ. సెహ్రీకి ఏమిటి, ఇఫ్తార్‌కు ఏమిటి, ఏ మాత్ర ఏ వేళకు మారింది అన్నది ఒకే కాగితం మీద వ్రాయించి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. షుగరు 70 కంటే తగ్గినా, 300 దాటినా రోజా విరమించాలన్న సూచన అందులో పెద్ద అక్షరాలతో ఉండాలి. ఆ క్షణంలో ఫోను దొరకకపోయినా ఇంట్లో ఎవరైనా చదవగలగాలి.

హక్కు, అమానతు

2020 మార్చిలో కేంద్ర ప్రభుత్వం డాక్టర్లకు టెలీమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ ఏప్రిల్‌లోనే ఆయుర్వేద, సిద్ధ, యునానీ వైద్యులకూ వచ్చాయి. వైద్యుడు తన పేరు, రిజిస్ట్రేషన్ చెప్పాలి. సంప్రదింపు వివరాలు, రిపోర్టులు, వ్రాసిన మందు చీటీ భద్రపరచాలి. కాబట్టి "హకీం సాబ్, వ్రాసి పంపండి" అని అడగడానికి మొహమాటం అక్కరలేదు. రిజిస్ట్రేషన్ సంఖ్య చెప్పనివారి పథ్యం మనకు వద్దు.

రోగి వివరాలు అమానతు. ఆ కాగితాన్ని బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టవద్దు. కాల్‌లో మూడో మనిషి ఉంటే అది కూడా వ్రాయించండి. అనుమతి లేకుండా వీడియో రికార్డు చేయవద్దు. పథ్యం చెప్పడానికి స్త్రీల ఫోటోలు అక్కరలేదు, పళ్ళెం ఫోటో చాలు.

ఛాతీలో నొప్పి, ఆయాసం, స్పృహ తప్పడం, మూతి వంకర పోవడం వంటివి వస్తే నోటు పుస్తకం, వీడియో కాల్ పక్కన పెట్టి ఆసుపత్రికి పరుగెత్తండి. పుస్తకం మాత్రం వెంట తీసుకెళ్ళండి. అక్కడి డాక్టరు మొదట అడిగేది "ఏ మందులు వాడుతున్నారు?" అనే. జవాబు మొదటి వరుసలోనే ఉంటుంది.

ఈ రోజే పిల్లల పాత నోటు పుస్తకం ఒకటి తీసి, మిగిలిన తెల్ల కాగితాల మీద ఆరు వరుసలు గీయండి. నబ్జ్ అందని హకీంగారికి మీ ఒంటి సంగతి చెప్పేది ఆ పుస్తకమే. షిఫా ఇచ్చేవాడు అల్లాహ్. జాగ్రత్త మాత్రం మనదే.