గెలిచిన మరునాడు

మందమర్రి

చిరంజీవి అల్లునికి,

నీ ఉత్తరము నిన్న సాయంకాలము అందినది. అండర్‌మేనేజరు పదవిలో చేరి ఎంతో కాలము కాకముందే నీ సెక్షను బొగ్గు టార్గెటును దాటినదనియు, ఆ సంతోషమున కార్మికులందరికిని విందు చేయించితిననియు నీవు వ్రాసిన వాక్యములను మీ అత్తయ్య మరల మరల చదివించుకొని కన్నులు తుడుచుకొన్నది. అంతవరకు నాకును ఆనందమే. కాని పుట చివర, ఏదో అల్పవిషయమైనట్లు, పనిస్థలము దాపున నిలువయుంచిన సపోర్టు కర్రలు ఇక అక్కరలేదని తలచి ప్రక్క సెక్షనుకు పంపివేసితినని ఒక్క పంక్తి చేర్చితివే, ఆ పంక్తి నన్ను రాత్రియంతయు నిద్రపోనీయలేదు.

శిక్షణ తరగతిలో రోము చక్రవర్తులను గూర్చి చెప్పిరనియు, ట్రాజను గెలిచిన తూర్పుదేశములను హాడ్రియను విడిచిపెట్టి సరిహద్దులను గట్టిచేసికొనెననియు వ్రాసి, వారిద్దరిలో ఎవరు గొప్ప నాయకుడని నన్నడిగితివి. అంత దూరమేల? మన రైలుమార్గముననే, కాజీపేట ప్రక్కనున్న ఓరుగంటిలో, ఒకే కాకతీయ వంశమువారు, ముత్తాత యొకడును మునిమనుమ డొకడును, అంతకంటె స్పష్టముగా ఈ పాఠమును మనకు చెప్పగలరు.

గణపతిదేవుడు యౌవనమున దేవగిరి యాదవులకు బందీగా చిక్కి, విడుదలయై వచ్చి 1199లో సింహాసన మధిష్ఠించెను. ఆయన చెరలో నున్నంతకాలము రాజ్యమును నిలిపినవాడు రేచర్ల రుద్రుడు. ఇట్లు పరుల దయమీదను, నమ్మినవారి నిబ్బరముమీదను బ్రతికి వచ్చినవాడు గనుకనే కాబోలు, గెలిచిన మరునాడేమి చేయవలెనో ఆయనకు తెలిసినట్లు మరియొకరికి తెలియలేదని నా దృఢవిశ్వాసము. తీరమున దివిసీమను జయించినప్పుడు అచ్చటి అయ్యవంశమును నాశనము చేయక, ఆ యింటి ఆడపడుచులు నారాంబ, పేరాంబలను పరిణయమాడి, వారి సోదరుడైన జాయనను చేరదీసి గజసైన్యమునకు అధిపతిని గావించెను. నృత్తరత్నావళి రచించిన జాయపసేనాని యతడే. 1244లో మోటుపల్లి రేవున శాసనము వేయించి, గాలివానకు కొట్టుకొనివచ్చి చిక్కిన ఓడలలోని ధనమును పూర్వపు రాజులు హరించుచుండగా, తాను న్యాయమైన సుంకము తప్ప మరేమియు పుచ్చుకొననని పరదేశి వర్తకులకు అభయ మొసగెను. ఆయన కాలముననే రేచర్ల రుద్రుడు రామప్పయు, జగదాల ముమ్మడి పాఖాల చెరువును కట్టించిరి. అల్లుడా, చెరువనగా నేమి? వానలేని యేటికొరకు వానపడిన యేడు దాచుకొన్న నీరే కదా. ఆయన గెలుపులన్నియు ఇట్లే ఏదో యొక రూపమున నిలువలోనికి చేరినవి.

ఇక ప్రతాపరుద్రుడు. ఆయనను నేను తక్కువచేసి చెప్పనొల్లను. 1303లో ఉప్పరపల్లికడ ఢిల్లీసేనను వెనుకకు త్రోసిన వీరుడాతడు. 1309లో ఢిల్లీనుండి బయలుదేరిన మాలిక్ కాఫూరు సేనలు, చరిత్రకారులు మన సిర్పూరుగా గుర్తించిన కోటను పట్టుకొని, ఓరుగంటి మట్టికోటను దాటి రాతికోట గోడవరకు వచ్చినప్పుడు, కప్పమిచ్చియైనను ప్రజలను కాపాడుకొనెను. నాయంకర పద్ధతిని విస్తరించి, సామాన్యకుటుంబముల వీరులను నాయకులుగా నిలిపి భూములిచ్చుటయు ఔదార్యమే. కోట పతనమైన పిమ్మట ముసునూరి నాయకులు దానిని తిరిగి గెలుచుకొన్నది ఆ పద్ధతి పెంచిన పౌరుషముతోనే. అయినను ఢిల్లీ యువరాజు ఉలుగ్‌ఖాను మొదటి ముట్టడి యుదంతము తలచినప్పుడెల్ల నా గుండె కలుక్కుమనును. ఢిల్లీనుండి తపాలు ఆగిపోగా సుల్తాను మరణించెనను పుకారు శత్రుశిబిరమున పుట్టి, వారు తమలో తాము కలతజెంది వెనుదిరిగిరి. అది మన బలమువలన గలిగిన విజయము గాదు, వారి పుకారువలన గలిగినది. కాని ఓరుగంటిలో విందు జరిగినదట. దుర్గములోని ధాన్యాగారములను తెరిపించిరని ఇసామీ అను చరిత్రకవి వ్రాసినాడు. కొలది నెలలకే ఆ ఖాను తిరిగివచ్చెను. నెలల తరబడి ముట్టడిలో కోట ఆకలిగొనెను. అంత 1323లో మహారాజు బందీయై ఢిల్లీకి పోవుచు నర్మదాతీరమున తనువు చాలించెను.

ధాన్యాగారము సంగతి ఇంత చెప్పుటకు కారణము నీకీపాటికి తెలిసియుండును. నేను టింబరు యార్డులో కొలువునకు కుదిరిన తొలినాళ్లలో అచ్చటనొక ముసలి మేస్త్రి యుండెడివాడు. యార్డు మూల నొక కర్రలకుప్పను ఎవరడిగినను కదలనిచ్చెడివాడు కాడు. టార్గెటు దాటిన నెలలో ఆ కుప్ప ఇంకను పెరిగెడిది. బొగ్గు వేగముగా తీసినచో ఆధారముకోల్పోయిన కప్పు అంతే విశాలమగును, కర్రల అవసరము అప్పుడే హెచ్చునని ఆయన వాదము. కర్ర విరుగుటకు ముందు మూల్గునని, ఆ మూల్గు విని మనిషి తప్పుకొనవలెనని, ఇనుపస్తంభమునకు ఆ దయలేదని చెప్పుచు, టేకుకును నల్లమద్దికిని గల తేడా వేలితో తట్టి చూపించెడివాడు. ఒక శ్రావణమున వాగు పొంగి లారీలు ఆగిపోయినప్పుడు రెండవ షిఫ్టువారు బాయి దిగినది ఆ మూలకుప్ప ధైర్యముతోనే. ఆ రాత్రి మీ అమ్మ, అప్పటికింకను చిన్నపిల్ల, జొన్నరొట్టెలు మూటగట్టుకొని వానలో తడియుచు మాకొరకు యార్డు గేటుకడకు వచ్చినది. ఆమె చేతిరొట్టె తిని పెరిగినవాడవు, ఇప్పుడు నైట్ షిఫ్టులో చాయతోనే కడుపు నింపుకొనుచున్నావని విన్నాను. అది మానుము నాయనా, టిఫినుడబ్బా విడువకుము.

నీవు ఆ కర్రలను పంపినది ఔదార్యముతోనే యని యెరుగుదును. ప్రక్క సెక్షనువాడు నీ స్నేహితుడు, అడిగినాడు, ఇచ్చితివి. ఇమ్ము, కాని యార్డునుండి ఇప్పింపుము, కప్పుక్రింద నున్నవానినుండి కాదు. రేపు మస్టరు పడగానే ఓవర్‌మెనును, సర్దారును కూర్చుండబెట్టుకొని, ఎన్ని కర్రలు పోయినవో లెక్కవ్రాయించి, అవి తిరిగివచ్చువరకు బొగ్గు తగ్గినను సరే, వేగము తగ్గించుము. పైవారు కోపించినచో కోపించనిమ్ము. విందులో నీతో కూర్చుండి తిన్నవారందరు ఆ కప్పుక్రిందనే కదా పనిచేయుచున్నారు. వారిలో వయసుమీరిన టింబర్‌మెనును ఒంటరిగా పిలిచి, ఆయన మనస్సులో ఏమున్నదో అడుగుము. విందునాడు అందరియెదుట చెప్పలేనిది అప్పుడు చెప్పగలడు.

దసరాకు సెలవు దొరికినచో ముందే జాబు వ్రాయుము. మీ అమ్మను తోడ్కొని ఓరుగల్లు పోయి, అచ్చటనుండి పాఖాలకు బండి మాటాడుకొందము. ఆమె మోకాళ్లు మెట్లెక్కనీయవు, నెమ్మదిగా పోదము. నీ చెప్పుల కొలత మరల వ్రాసి పంపుము, మీ అత్తయ్య పాతకాగితము పోగొట్టినది.

ఇట్లు,
మామయ్య