భృగువు మరల వచ్చుట

తైత్తిరీయోపనిషత్తునందలి భృగువల్లిని మనము బ్రహ్మవిద్యాపరముగ పఠింతుము. అది సముచితమే. ఐనను, 40 సంవత్సరములు గణితము బోధించిన నాకు, అందలి గురుశిష్యుల నడవడియు అంతే విచారింపదగినదిగ తోచుచుండును.

బ్రహ్మమును బోధింపుమని భృగువు తన తండ్రియగు వరుణుని వేడెను. సర్వభూతముల పుట్టుకకు, మనుగడకు, లయమునకు ఆశ్రయమైనదేదో అదియే బ్రహ్మమని లక్షణమును చెప్పి, దానిని తెలిసికొనుమనెను వరుణుడు. భృగువు తపస్సు చేసెను. ఇచట తపస్సనగా దేహమును శోషింపజేయుట కాదు. మనస్సునకును ఇంద్రియములకును కలుగు ఏకాగ్రతయే పరమ తపస్సని శంకరభగవత్పాదులు వివరించిరి.

భృగువు అన్నమే బ్రహ్మమని గ్రహించి, తృప్తి చెందక మరల వచ్చెను. అన్నమునకు సైతము ఉత్పత్తి కన్పట్టుచున్నది గదా యని వాని సంశయము. వరుణుడు తప్పనలేదు, ఒప్పనలేదు. మరల తపస్సు చేయుమనెను. పిదప ప్రాణము, మనస్సు, విజ్ఞానము. ఇట్లు నాలుగుమారులు వచ్చెను, నాలుగుమారులు అదియే ఆజ్ఞ.

ఒక చిన్న లెక్కను చూడుడు. ఒక సంఖ్యను 3చే గుణించి, 6 కూడి, 4చే భాగింపగ 12 వచ్చినది. ఆ సంఖ్య యెంత? చురుకైనవాడు తుదినుండి వెనుకకు నడచును: 48, 42, 14. ఇది విలోమవిధి, 499 నాటి ఆర్యభటీయమునను, 1150 నాటి లీలావతియందును కలదు. మరియొకడు తోచినట్లు 10 అనును. వానిని తప్పని కూర్చుండబెట్టుట మన పాఠశాలలలో పరిపాటి. కాని 10ని పెట్టి చూచిన 9 వచ్చును, 3 తక్కువ. సంఖ్య 4 పెరిగిన ఫలము 3 పెరుగును. కావున 14! ఆ 10 లేనిచో వానికి త్రోవయే లేదు.

ఇంతమాత్రమున బాలురకు ఏమియు చెప్పనక్కరలేదని కొందరనుచున్నారు. నేనంగీకరింపను. వరుణుడు ముందు లక్షణమును చెప్పియే పంపెను. ఎక్కములు రానివాడు 12 నుండి 48కి ఎట్లు పోగలడు? కంఠస్థము చేయవలసినది చేయింపవలసినదే.

ఐదవమారు భృగువు ఆనందమును గ్రహించెను. ఆ పిమ్మట తండ్రికడకు వచ్చినట్లు ఉపనిషత్తు చెప్పదు.

నా తరగతిలో ఒక బాలుడు ప్రతి పంక్తి వ్రాసి నా ముఖము వంక చూచెడివాడు. నా కనుబొమలు ముడివడినచో వ్రాసినది తుడిచివేయును. వాడు చదువుచున్నది లెక్కను కాదు, నన్ను. ఒంటరిగ వ్రాయవలసిన పరీక్షలలో ఏటేట తప్పుచుండెను. ఇక బడి మాన్పించెదనని తండ్రి నిశ్చయించుకొనియుండెను. నేను వాని బల్ల వెనుక నిలుచుట అలవరచుకొంటిని. మొదట చాల బాధపడెను. మెడ త్రిప్పి వెదకెడివాడు. వచ్చిన సంఖ్యను లెక్కలో మరల పెట్టి చూచుకొనుమని మాత్రము చెప్పితిని. కొన్ని వారములకు, ఒకనాడు, 14 వ్రాసి, దానిని 3చే గుణించి, 6 కూడి, 4చే భాగించి, 12 క్రింద గీత గీచెను. తల త్రిప్పలేదు. తరువాతి లెక్కకై పుట త్రిప్పెను.