చిన్న దవడతో పుట్టిన బిడ్డకు ఊపిరి దారి

కొందరు పిల్లలు కింది దవడ బాగా చిన్నదిగా, వెనక్కి నొక్కినట్లుగా ఉండి పుడతారు. నాలుకకు ముందు చోటు చాలక అది వెనక్కి జారి గొంతులో గాలికి అడ్డుపడుతుంది. వెల్లకిలా పడుకోబెడితే గురక, డొక్కలు ఎగరడం, పాలు తాగేటప్పుడు ఆయాసం, బరువు పెరగకపోవడం కనిపిస్తాయి. చాలామందికి అంగిలిలో చీలిక కూడా ఉంటుంది. 1923లో దీన్ని వివరించిన ఫ్రాన్సు వైద్యుడు పియరీ రోబిన్ పేరుతోనే దీన్ని పిలుస్తారు.

గ్రహణం రోజున తల్లి బయటకు వచ్చిందనో, కత్తిపీట ముట్టిందనో ఇంట్లో అంటూ ఉంటారు. దయచేసి ఆ మాట అనకండి. గర్భంలో తొలి నెలల్లోనే దవడ సరిగా ఎదగకపోవడం వల్ల ఇది వస్తుంది. బాలింత మీద నింద వేస్తే బిడ్డకు ఊపిరి రాదు.

అందరికీ ఆపరేషన్ అక్కర్లేదు. బోర్లా పడుకోబెట్టడంతోనో, ముక్కులోంచి మెత్తని గొట్టం వేయడంతోనో చాలామంది గట్టెక్కుతారు. అయితే ఇలా బోర్లా పడుకోబెట్టడం డాక్టరు గారు చెబితేనే, ఎవరో ఒకరు కనిపెట్టుకొని ఉంటేనే చేయాలి.

ఇవి చాలనప్పుడు ఎముకను సాగదీసే ఆపరేషన్ చేస్తారు. కాళ్ళ ఎముకలను ఇలా పెంచే పద్ధతిని రష్యాలో ఇలిజరోవ్ అనే వైద్యుడు వృద్ధి చేశారు. పిల్లల దవడకు దీన్ని వాడిన ఫలితాలను 1992లో అమెరికాలో మెక్‌కార్తీ బృందం ప్రచురించింది. మత్తు ఇచ్చి దవడ ఎముకను రెండు వైపులా కోసి, మర ఉన్న చిన్న పరికరాలు బిగిస్తారు. ఒకటి రెండు రోజులు ఆగి, ఆ మరను రోజుకు సుమారు 1 నుంచి 2 మిల్లీమీటర్ల చొప్పున తిప్పుతారు. ఎముక ముక్కలు మెల్లగా దూరం జరిగేకొద్దీ మధ్యలో కొత్త ఎముక పుడుతుంది. దవడతోపాటు నాలుక కూడా ముందుకు వచ్చి గాలి దారి తెరుచుకుంటుంది. చాలామంది బిడ్డలకు మెడలో రంధ్రం పెట్టే అవసరం దీనివల్ల తప్పుతుంది. కొత్త ఎముక గట్టిపడడానికి నెల నుంచి రెండు నెలలు పడుతుంది. ఆ తర్వాత మరో చిన్న ఆపరేషన్‌తో పరికరాలు తీసేస్తారు.

ఇబ్బందులు లేవని చెప్పను. చీము పట్టవచ్చు, మచ్చ మిగలవచ్చు, చిగుళ్ళలోని పంటి మొగ్గలు దెబ్బతినవచ్చు, పెదవి కదిలించే నరం కొన్నాళ్ళు బలహీనపడవచ్చు. సంతకం పెట్టేముందు ఇవన్నీ డాక్టరు గారిని అడగండి. మీరు అడిగితే ఎవరూ విసుక్కోరు.

మర తిప్పడం మీకు అప్పగిస్తే, ఎటు తిప్పాలో నర్సు దగ్గర చేసి చూపించాకే ఇంటికి వెళ్ళండి. తిప్పిన ప్రతిసారీ తేదీ, వేళ కాగితం మీద రాయండి. ఒక పూట మరిచిపోతే మరుసటి పూట రెట్టింపు తిప్పకండి, ఫోను చేసి అడగండి. పసుపు, పసర్లు పూయవద్దు. పెదవులు నీలంగా మారినా, డొక్కలు ఎగరేస్తున్నా, జ్వరం వచ్చినా, చీము కారినా రాత్రయినా సరే వెంటనే తీసుకురండి. వచ్చేటప్పుడు ఆ కాగితం, మర తిప్పే పనిముట్టు మరవకండి.