బండి ఒక్కసారే వస్తుంది

మా మాము ఖల్లికోట నుంచి బరంపురానికి బస్సు నడుపుతాడు. అమ్మది ఒడియా ఇల్లు, అందుకే మేనమామ మాకు 'మాము'. ఈ దసరాకి ఆయన స్టీరింగు వదిలేస్తున్నాడు. ఇన్నేళ్లు నడిపినా, నడుపుతుండగా తీసిన ఫోటో ఒక్కటీ లేదు. అది నేను తీస్తానన్నాను.

అన్నయ్య కెమెరా పట్టుకుని ఊరి బయట మలుపు దగ్గర నిలబడ్డాను. వేగంగా పోయేదానికి వేగమైన షట్టర్ కావాలని విన్నాను కదా, 1/1000 సెకను పెట్టాను. ఫోటో అద్దంలా వచ్చింది. మాము చూసి, "బస్సు చెడిపోయి ఆగినట్టుందే?" అన్నాడు.

నిజమే! లెక్క చూడండి. గంటకు 36 కిలోమీటర్లంటే సెకనుకు 10 మీటర్లు. 1/1000 సెకనులో బస్సు జరిగేది ఒక్క సెంటీమీటరు. చక్రం తిరిగినట్టే కనబడదు. 1/60 సెకనులో అయితే దాదాపు 17 సెంటీమీటర్లు జరుగుతుంది.

అప్పుడు కార్ ర్యాలీలు ఫోటో తీసే పద్ధతి నేర్చుకున్నాను. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగింది. అలాంటి సర్క్యూట్‌లో కారు చుట్టు తిరిగి మళ్లీ వస్తుంది, ఒకటి పోతే ఇంకో ఛాన్సు ఉంటుంది. ర్యాలీలో అలా కాదు. కార్లను నిమిషమో రెండు నిమిషాలో తేడాతో ఒక్కొక్కటిగా వదులుతారు. మన ముందు నుంచి ఒకసారి దూసుకుపోయాక అంతే. కాబట్టి సెట్టింగులన్నీ బండి రాకముందే చూసుకోవాలి.

1. డయల్‌ను ఎస్ లేదా టీవీ అని ఉన్నచోట పెట్టండి. షట్టర్ వేగం మనం చెబుతాం, మిగతాది కెమెరా చూసుకుంటుంది.

2. బండి పక్కనుంచి పోతుంటే 1/125తో మొదలుపెట్టి, చేయి కుదిరాక 1/60కి దిగండి. మోచేతులు ఒంటికి ఆనించి, పాదాలు కదపకుండా, నడుమును తిప్పుతూ దూరం నుంచే బండిని వెంబడించాలి. నొక్కాక కూడా తిప్పడం ఆపకూడదు. దీన్నే ప్యానింగ్ అంటారు. బండి స్పష్టంగా, వెనక చెట్లు గీతలుగా వస్తాయి.

3. బండి ఎదురుగా వస్తుంటే ప్యానింగ్ కుదరదు. అప్పుడు 1/1000 సరైనదే.

4. దుమ్ము లేస్తే ఆటోఫోకస్ తికమక పడుతుంది. బండి వచ్చే చోట ఒక రాయి మీద ముందే ఫోకస్ చేసి ఉంచుకోండి.

5. ఐఎస్‌ఓ 100 చాలు. మిట్టమధ్యాహ్నం 1/30 పెడితే ఫోటో తెల్లబారుతుంది. ఉదయం, సాయంత్రం మంచివి.

6. మలుపు బయటివైపు ఎప్పుడూ నిలబడకండి. అదుపు తప్పిన బండి అటే వస్తుంది.

తప్పు కూడా ఒక్కోసారి గొప్పదవుతుంది. 1912-13 ప్రాంతంలో ఫ్రాన్సులో జాక్ ఆంరీ లార్తీగ్ ఒక పందెం కారును ఫోటో తీశాడు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు నిండలేదు, అంటే మన ఈడే. ఆనాటి షట్టర్‌లోని సన్నని చీలిక ఫోటోను భాగాలు భాగాలుగా నమోదు చేసేది. కారు వేగాన్ని అతని కెమెరా అందుకోలేదు. దాంతో చక్రం కోడిగుడ్డులా ముందుకు వాలింది, రోడ్డు పక్క మనుషులు దానికి ఎదురువైపుకి ఒరిగారు. ఆ ఫోటోలో వేగం కనబడేది ఆ వంకర వల్లనే. మన ఫోన్లు కూడా వరసలు వరసలుగానే నమోదు చేస్తాయి, అందుకే రైలు కిటికీలోంచి తీస్తే స్తంభాలు వాలుతాయి.

మాము బస్సు రోజుకి రెండుసార్లే ఆ మలుపు దాటుతుంది. ఎనిమిది రోజులు వెళ్లాను. 1/60లో ఒక్కటి కుదిరింది. బస్సు మీద అక్షరాలు కాస్త అలికినట్టున్నాయి, చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, కిటికీలో మాము ముఖం మాత్రం స్పష్టం. ఆయన నన్ను చూడట్లేదు, రోడ్డునే చూస్తున్నాడు.

ఫోటో చూసి మాము ఏమీ అనలేదు. ప్రింటు వేయించి, అమ్మమ్మ ఫోటో పక్కన పెట్టాడు.

మీరూ సైకిలుతో మొదలుపెట్టండి. కాలేజీ గేటు దగ్గర, సాయంత్రం, 1/30.