ఒక్కరోజే కదా! – కారు బీమా వెనుక ఉన్న లెక్క

శనివారం సాయంత్రం ఆరు గంటలయింది. కొండాపూర్ లో ఉండే మీ బాబాయి పక్క అపార్టుమెంటులోని ఒకాయన దగ్గర వాడిన కారు కొన్నాడనుకుందాం. డబ్బు ఇచ్చేశాడు. తాళంచెవులు చేతికి వచ్చాయి. ఆదివారం పొద్దున్నే అందరినీ ఎక్కించుకుని యాదగిరిగుట్టకు వెళ్ళాలని నిశ్చయం కూడా అయిపోయింది. పాత యజమాని ఇచ్చిన కాగితాలు మీరు తిరగేస్తున్నారు. అందులో బీమా పాలసీ ఉంది. గడువు తేదీ చూస్తే, సరిగ్గా ఈ అర్ధరాత్రితో ముగిసిపోతోంది!

"బాబాయ్, రేపటికి ఈ కారుకు ఇన్సూరెన్సు లేదు" అన్నారు మీరు.

"ఒక్కరోజే కదరా! సోమవారం పొద్దున కట్టేస్తాలే. ఈలోగా ఏం కొంపలు మునుగుతాయి?" అన్నాడు బాబాయి.

బాబాయి మాటలో తప్పుందా? ఉంటే అది ఎక్కడుంది? తొందరపడి జవాబు చెప్పకండి. కాగితం, పెన్సిలు తీసుకోండి. ఇది లెక్క చేసి తేల్చుకోవలసిన విషయం.

వెయ్యి కార్ల లెక్క

ఒక కాలనీలో వెయ్యి కార్లు ఉన్నాయనుకోండి. ఏడాదిలో ఒక్కొక్క కారుకు ప్రమాదం జరిగే సంభావ్యత నూటికి ఒకటి అనీ, జరిగితే లక్ష రూపాయల నష్టం వస్తుందనీ అనుకుందాం. ఇవి లెక్క సులువుగా ఉండటానికి మనం వేసుకున్న అంకెలే సుమా!

అప్పుడు ఏడాదికి సగటున 10 కార్లకు ప్రమాదం జరగాలి. మొత్తం నష్టం 10 లక్షలు. ఆ పది కార్లు ఏవో ముందుగా ఎవరికీ తెలియదు. అందుచేత వెయ్యి మందీ తలా వెయ్యి రూపాయలు ఒకచోట వేస్తే ఆ పది లక్షలూ సమకూరుతాయి. ఒక్కడి నెత్తిన పడే లక్ష రూపాయల బరువును వెయ్యి మంది పంచుకున్నారన్నమాట. ఇదే బీమా. మనిషి వేసే ఆ వెయ్యి రూపాయలే ప్రీమియం. నిజమైన కంపెనీలు దీనికి తమ ఖర్చులను కూడా కలుపుతాయి.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. సగటు 10 అయినంత మాత్రాన ప్రతి ఏడాదీ సరిగ్గా 10 ప్రమాదాలే జరగవు. ఒక ఏడాది 5 జరగవచ్చు, మరో ఏడాది 16 జరగవచ్చు. గణితం ప్రకారం ఈ హెచ్చుతగ్గులు చాలా ఏళ్ళలో 10 కి అటూ ఇటూ 6 లోపల ఉంటాయి. అంటే సగటులో 60 శాతం!

ఇప్పుడు కార్ల సంఖ్యను లక్షకు పెంచండి. సగటు 1,000 ప్రమాదాలు. హెచ్చుతగ్గులు మాత్రం అటూ ఇటూ 63 లోపలే. అంటే సగటులో సుమారు 6 శాతం. కార్లు వంద రెట్లు పెరిగితే హెచ్చుతగ్గులు వంద రెట్లు పెరగలేదు, పది రెట్లే పెరిగాయి. పది అంటే వందకు వర్గమూలం. చూశారా, మీరు తరగతిలో నేర్చుకున్న వర్గమూలం ఎక్కడ పనికి వచ్చిందో!

గుంపు పెద్దదయినకొద్దీ సగటు నిలకడగా కనిపిస్తుందన్న ఈ సూత్రాన్ని మొదట గణితపరంగా నిరూపించినవాడు స్విట్జర్లాండులోని బాసెల్ నగరానికి చెందిన జాకబ్ బెర్నూలీ. ఆ నిరూపణ ఉన్న ఆయన గ్రంథం ఆయన చనిపోయిన ఎనిమిదేళ్ళకు, 1713 లో అచ్చయింది. ఒక్క కారుకు రేపు ఏమవుతుందో ఏ పండితుడూ చెప్పలేడు. లక్ష కార్లకు ఏడాదిలో ఏమవుతుందో మాత్రం గణితం చాలావరకు చెప్పగలదు. బీమా అంతా ఈ పునాది మీదనే నిలబడి ఉంది.

చిన్న భిన్నం, పెద్ద సంఖ్య

ఇక బాబాయి "ఒక్కరోజు" దగ్గరకు వద్దాం. మనం వేసుకున్న అంకె ప్రకారం ఏడాదికి సంభావ్యత 1/100. దాన్ని 365 రోజులకు పంచితే ఒక రోజుకు సుమారు 1/36,500. మనిషి ప్రాణం తీసేంత ప్రమాదానికైతే ఇంకా తక్కువ. అంటే బాబాయి చెప్పింది నిజమే. రేపు ఏమీ జరగకపోవడానికే ఎక్కువ అవకాశం ఉంది.

కాని ఆ భిన్నం పక్కన మరో సంఖ్య కూడా పెట్టి చూడాలి. కారు తగిలి దారినపోయే ఒక వ్యక్తి చనిపోయాడనుకోండి. వయస్సు 30 ఏళ్ళు, స్థిరమైన ఉద్యోగం, పన్ను పోగా నెలకు 50,000 రూపాయల జీతం. భార్య, ఒక బిడ్డ ఆయనపై ఆధారపడి ఉన్నారు. సుప్రీం కోర్టు 2009 లోను, 2017 లోను ఇచ్చిన తీర్పుల ప్రకారం నష్టపరిహారం ఇలా లెక్క కడతారు:

ఏడాది జీతం 6,00,000 రూపాయలు.
మున్ముందు పెరగబోయే ఆదాయం కింద సగం కలిపితే 9,00,000.
ఆయన సొంత ఖర్చు కింద మూడో వంతు తీసివేస్తే 6,00,000.
ఆ వయస్సుకు నిర్ణయించిన గుణకం 17 తో హెచ్చవేస్తే 1,02,00,000.

ఒక కోటి రెండు లక్షలు! బీమా లేకపోతే ఇది కారు యజమాని ఇచ్చుకోవాలి. ఇప్పుడు చెప్పండి, బాబాయి దగ్గర కోటి రూపాయలు ఉన్నాయా? లేకపోతే ఆ తల్లీబిడ్డల గతి ఏమిటి?

బాబాయి లెక్కలో తప్పు ఇక్కడ ఉంది. ఆయన తన కారు గురించి మాత్రమే ఆలోచించాడు. రోడ్డు మీద నడిచే ముక్కూమొహం తెలియని మనిషిని లెక్కలోకి తీసుకోలేదు. బీమా కాగితాల్లో ఆ మనిషి పేరే "థర్డ్ పార్టీ", అంటే మూడో పక్షం. యజమాని ఒక పక్షం, కంపెనీ రెండో పక్షం, దారినపోయేవాడు మూడో పక్షం.

చట్టం కాపాడేది ఎవరిని?

సొంత కారుకు సొట్ట పడితే బాగుచేయించుకోవడానికి బీమా చేయాలా వద్దా అన్నది యజమాని ఇష్టం. మూడో పక్షం బీమా మాత్రం ఇష్టంతో పనిలేకుండా ఉండి తీరాలి. బ్రిటన్ లో 1930 నాటి చట్టం దీన్ని తప్పనిసరి చేసింది. మన దేశంలో 1939 నాటి మోటారు వాహనాల చట్టంలోని బీమా అధ్యాయం 1946 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. నేటి 1988 చట్టంలో 146 వ సెక్షను ఆ మాటే చెబుతుంది. బీమా లేకుండా బండి నడిపితే మొదటిసారి 2,000 రూపాయల జరిమానా గాని, మూడు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు.

దీనికి అయ్యే ఖర్చెంత? 2022 జూన్ 1 నుండి అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం 1,000 నుండి 1,500 సీసీ లోపు సొంత కారుకు ఏడాదికి 3,416 రూపాయలు, పన్ను అదనం. దీన్ని 365 తో భాగించండి. రోజుకు 9 రూపాయల 36 పైసలు. కోటి రూపాయల బరువును ఒక రోజుపాటు నలుగురితో పంచుకోవడానికి అయ్యే వెల ఇంతే.

బీమా వ్యవహారాలను పర్యవేక్షించే జాతీయ సంస్థ ఐ.ఆర్.డి.ఎ.ఐ. ప్రధాన కార్యాలయం మన హైదరాబాదులోనే, కొండాపూర్ కు దగ్గరలోని ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో ఉంది.

తేదీ చాలదు, గంట కూడా చూడాలి

"సరే, ప్రమాదం జరిగితే అప్పుడే కట్టేద్దాం" అని ఎవరైనా అంటే? 1983 అక్టోబరు 25 న పొద్దున 11.15 కి ఒక ప్రమాదం జరిగింది. ఆ బండి పాలసీని అదే రోజు సాయంత్రం 4 గంటలకు తీసుకున్నారు. పాలసీ మీద సమయం రాసి ఉంది కనుక అది 4 గంటల నుండే పనిచేస్తుందనీ, పొద్దున జరిగినదానికి కంపెనీ బాధ్యత లేదనీ సుప్రీం కోర్టు 1996 లో తేల్చింది. అంతకుముందు 1990 నాటి మరో కేసులో పాలసీ మీద సమయం ఏదీ లేదు. అప్పుడు ఆ రోజు మొదలయినప్పటి నుండే బీమా ఉన్నట్లు లెక్క అని చెప్పింది. ఇంకో నియమం కూడా ఉంది. ప్రీమియం ముందుగా చేతికి అందనిదే కంపెనీ బాధ్యత తీసుకోరాదని 1938 నాటి బీమా చట్టం చెబుతోంది.

ఇంతకీ బాబాయి ఏం చేయాలి?

ఒకటి: అర్ధరాత్రికి ఇంకా ఆరు గంటల వ్యవధి ఉంది. పాత పాలసీ, రిజిస్ట్రేషన్ కాగితం దగ్గర పెట్టుకుని కంపెనీకి ఫోను చేయాలి, లేదా ఇంటర్నెట్ లో చూడాలి. శనివారం రాత్రయినా పాలసీ దొరుకుతుంది. గడువు దాటిపోతే, సొంత కారు నష్టానికి కూడా బీమా ఇచ్చేముందు కంపెనీవారు కారును పరీక్షిస్తామంటారు.

రెండు: కారు చేతులు మారిందన్న సంగతి దాచకూడదు. రిజిస్ట్రేషన్ ఇంకా పాత యజమాని పేరున ఉందని చెప్పి, పాలసీ ఎవరి పేరున ఇవ్వాలో కంపెనీవారినే అడగాలి. పాత యజమానికి "నో క్లెయిమ్ బోనస్" అనే తగ్గింపు ఉంటే అది కారుకు చెందదు, ఆయనకే చెందుతుంది. బాబాయి దాన్ని వాడుకోరాదు.

మూడు: పాలసీ రాగానే ఇంజను నంబరు, చాసిస్ నంబరు, మొదలయ్యే తేదీ, గంట సరిచూడాలి. అంతవరకు కారు సెల్లారులోనే ఉండాలి.

నాలుగు: ఫారం 29, ఫారం 30 నింపి, రవాణా శాఖలో కారును తన పేరుకు మార్పించుకోవాలి.

పాత పాలసీకి ఇంకా కొన్ని నెలల గడువు మిగిలి ఉంటే? అప్పుడు 157 వ సెక్షను ప్రకారం అది కారుతోపాటే కొన్నవారికి వచ్చినట్లు లెక్క. 14 రోజుల్లోగా పేరు మార్చమని కంపెనీని కోరాలి. అయితే ఇది మూడో పక్షం బీమాకు మాత్రమే. సొంత కారు నష్టానికి సంబంధించిన బీమా దానంతట అదే బదిలీ కాదు.

మీరే చేసి చూడండి

ఒక రూపాయి నాణెం పది సార్లు ఎగరవేసి బొమ్మ ఎన్నిసార్లు పడిందో రాసుకోండి. ఇలా ఐదుసార్లు చేయండి. తరువాత మీ తరగతిలోని అందరూ రాసుకున్నవి కూడండి. మీ ఒక్కరి లెక్కల్లో 3 రావచ్చు, 7 రావచ్చు. తరగతి మొత్తం మీద మాత్రం సగానికి దగ్గరగా వస్తుంది. బెర్నూలీ చెప్పినది మీ కళ్ళముందే కనబడుతుంది.

ఆ తరువాత మీ ఇంట్లోని స్కూటరు లేదా కారు పాలసీ అడిగి తీసుకోండి. అది ఏ తేదీన, ఏ గంటకు ముగుస్తుందో చూసి గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టండి. ఇంట్లో మరెవరూ ఆ తేదీని చూసి ఉండకపోవచ్చు.