తిరిగివచ్చిన ఒక్కడు

పఠనం: లూకా సువార్త 17:11–19



పదిమంది కుష్ఠరోగుల కథ మనకు కొత్త కాదు. ప్రభువు మాట విని బయలుదేరిన ఆ పదిమందీ దారిలోనే శుద్ధులయ్యారు. ఒక్కడే, అదీ పరాయివాడైన సమరీయుడు, వెనుకకు తిరిగివచ్చి ప్రభువు పాదాల మీద పడ్డాడు. మిగిలిన తొమ్మిదిమంది ఏమయ్యారని ప్రభువు అడిగారు. వారు దుర్మార్గులని సువార్త చెప్పడం లేదు. బహుశా ఇల్లు చేరే తొందరలో ఉండివుంటారు. ఆసుపత్రి మెట్లు దిగేటప్పుడు మనకూ అదే తొందర. ఈ వారం ఈ పఠనాన్ని ఒక వార్డులో నిలబడి ధ్యానిద్దాం.

పేరు తెలియని సిస్టర్

గుంటూరు వైపు పల్లెలో ఒక కథోలిక కుటుంబం. తల్లికి రొమ్ము క్యాన్సర్. పట్నంలోని ఆసుపత్రిలో మూడు వారాలకొకసారి కీమో మందు ఎక్కించేవారు. మూడోసారి నరం దొరకక నర్సు మూడుచోట్ల గుచ్చవలసి వచ్చింది. "పని రానివాళ్లను పెడతారా?" అని పెద్దకొడుకు కసిరాడు. ఈ మందుల వల్ల నరాలు పాడై దొరకడం కష్టమవుతుందని అతనికి తెలియదు. ఆ నర్సు మారుమాట అనలేదు.

పదిరోజులకు తల్లి నీరసించిపోతే మళ్లీ చేర్చారు. చూడడానికి ఊరినుంచి పన్నెండుమంది బంధువులు పళ్లు పట్టుకొని వచ్చారు. అదే నర్సు గుమ్మం దగ్గర ఆపి, "ఒక్కొక్కరే రండి, దగ్గు ఉన్నవాళ్లు వద్దు" అన్నది. మా అమ్మను చూసుకోవడానికి నీ సెలవు కావాలా అని మళ్లీ గొడవ. కీమో తరువాత వారం, రెండు వారాల మధ్య రక్తంలోని తెల్లకణాలు బాగా తగ్గిపోతాయి. అప్పుడు మనకు మామూలు జలుబైనది రోగికి ప్రాణాంతకం కావచ్చు. ఆమె ఆ తల్లికి కాపలా కాసింది. పిల్లలకది అహంకారంగా కనిపించింది.

ఆ రాత్రి రెండు గంటలకు ఆమె వచ్చి తల్లి నుదుటిమీద చెయ్యి వేసి చూసింది. జ్వరం 101 డిగ్రీలు. "తెల్లారాక మాత్ర వేద్దాంలెండి" అన్నది కూతురు నిద్రమత్తులో. నర్సు వినలేదు. డ్యూటీ డాక్టరును లేపింది, పరీక్షకు రక్తం తీసింది, డాక్టరు చెప్పిన మందును గంటలోపే సెలైన్‌లో ఎక్కించింది. ఆ జ్వరాన్ని తెల్లవారేదాకా వదిలివుంటే తల్లి దక్కేది కాదని మరునాడు డాక్టరుగారు చెప్పారు.

కొడుకు ఆ రోజు తలవంచుకున్నాడు. అప్పటినుంచే అతనికి కొన్ని కనిపించసాగాయి. నోరు పూసి మంచినీళ్లు కూడా మింగలేని తల్లిచేత ఆమె ఉప్పునీళ్లు పుక్కిలింపజేసేది. వాంతి పట్టిన బేసిన్‌ను ముఖం చిట్లించకుండా తీసుకుపోయేది. జుట్టు రాలిన తలకు గుడ్డ కట్టేది. జపమాల మంచంమీదనుంచి జారిపడితే తీసి తల్లి చేతిలో పెట్టేది. ఆమె మన మతస్థురాలు కాదు. అన్ని నెలలూ "సిస్టర్, సిస్టర్" అని పిలిచారే గాని, ఆమె పేరు ఇంట్లో ఒక్కరికీ తెలియదు. పిలుపు సోదరిది, చూపు పరాయిది!

కొన్ని నెలల తరువాత ఆ తల్లి అభ్యంగనాన్ని, దివ్యసత్ప్రసాదాన్ని స్వీకరించి ప్రభువునందు నిద్రించింది. జ్ఞాపకార్థ పూజ అయిన మరుసటి వారం కొడుకు, కూతురు ఆ వార్డుకు వెళ్లారు. తల్లి పడుకున్న మంచంమీద వేరే రోగి ఉన్నది. కాళ్లు ఆడలేదు. అయినా ఆ నర్సును వెదికి కలుసుకున్నారు. "ఆ రోజు నోరు జారాను, మన్నించమ్మా. మా అమ్మను మా అంత బాగా చూశావు" అన్నాడు కొడుకు. ఆమె కళ్లు తుడుచుకొని, "బాగై ఇంటికి వెళ్లినవాళ్లు ఎప్పుడైనా కనిపిస్తారన్నా. పోయినవాళ్ల ఇంటినుంచి ఇంతవరకు ఎవరూ రాలేదు" అన్నది. అప్పుడడిగారు ఆమె పేరు.

సువార్తలోని సమరీయుడు స్వస్థత పొంది తిరిగివచ్చాడు. ఈ బిడ్డలు స్వస్థత దొరకకపోయినా తిరిగివచ్చారు. అడిగింది దొరికినందుకు చెప్పే కృతజ్ఞత మంచిదే. అడిగింది దొరకకపోయినా, అందిన ప్రేమను గుర్తించి చెప్పే కృతజ్ఞత మరింత లోతైనది.

మన నేలమీదనే

1920లో ఆస్ట్రేలియానుంచి ఒక వైద్యురాలు గుంటూరు వచ్చి జె.ఎం.జె. మఠంలో చేరారు. ఆమె డాక్టర్ మేరీ గ్లౌరీ. రోగులకు వైద్యం చేయడమే కాక, స్థానిక స్త్రీలకు నర్సు పనిలోను, కాన్పు పనిలోను, మందులు కలపడంలోను శిక్షణ ఇచ్చారు. 1943లో కథోలిక ఆసుపత్రుల సంఘాన్ని స్థాపించారు. ఇంతమందికి సేవ చేసిన ఆమె కూడా క్యాన్సర్‌తో బాధపడి 1957లో బెంగళూరులో మరణించారు. 2013లో తిరుసభ ఆమెను దైవసేవకురాలిగా ప్రకటించింది. సేవ నేర్పినవారికి సైతం ఒకనాడు మరొకరి చేతులు కావలసివస్తాయి.

రెండవ జాన్‌పాల్ పాపుగారు 1992లో వ్యాధిగ్రస్తుల దినాన్ని నెలకొల్పి, లూర్దుమాత పండుగైన ఫిబ్రవరి 11ను అందుకు నిర్ణయించారు. ఆ రోజు రోగులతోపాటు వారికి సేవచేసేవారికోసం కూడా మనం ప్రార్థించాలి.

మనం చేయదగినవి

1. మొదటి రోజే నర్సు పేరు అడగండి. పేరుతో, గౌరవంగా పలకరించండి.

2. ఆమె మాట వినడమే మొదటి కృతజ్ఞత. కీమో తీసుకునే రోగికి 100.4 డిగ్రీల జ్వరం వస్తే పగలైనా రాత్రైనా వెంటనే ఆసుపత్రికి చెప్పండి. మందు ఎక్కేచోట మంట, వాపు కనిపిస్తే ఆ క్షణమే పిలవండి.

3. చూడడానికి గుంపుగా వెళ్లవద్దు. ఇంటిదగ్గర జపమాల చెప్పండి.

4. చేతిలో డబ్బు పెట్టవద్దు. అది ఆమెను ఇబ్బందిపెడుతుంది. నర్సింగ్ సూపరింటెండెంటుగారికి ఆమె పేరుతో ఒక ఉత్తరం రాసి ఇవ్వండి.

5. నిజంగా పొరపాటు జరిగితే పై అధికారికి నెమ్మదిగా తెలపండి. కృతజ్ఞత అంటే నోరు మూసుకోవడం కాదు. కాని భయంతో వచ్చిన కోపాన్ని చేతికందిన నర్సు మీద చూపవద్దు.

6. మన విచారణల ఆడబిడ్డలు ఎందరో నర్సులుగా రాత్రి డ్యూటీలు చేస్తున్నారు. మే 12 నర్సుల దినాన విశ్వాసుల ప్రార్థనలో వారిని పేరుపేరునా తలచుకోండి.

ఇంట్లో అందరూ కూర్చొని ఆలోచించండి

మన ఇంటి రోగిని చూసుకొన్న నర్సులలో ఒక్కరి పేరైనా మనకు గుర్తున్నదా? క్షమాపణ చెప్పవలసిన మాట ఏదైనా మిగిలివున్నదా? ఈ వారంలో మనం తిరిగి ఎక్కవలసిన ఆసుపత్రి మెట్లు ఏవి?

ప్రార్థన

ప్రభువా, మా రోగుల ప్రక్కన రాత్రులు మేలుకొన్న సోదరీ సోదరులను దీవించండి. వారి అలసటను మీరు తీర్చండి. మందలో కలిసిపోయిన తొమ్మిదిమందిగా కాక, తిరిగివచ్చిన ఒక్కనిగా మమ్మును మార్చండి. ఆమెన్.